కొత్త ఆలోచన కంటే ముందు భయం సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 46. ఇరవై ఏళ్లుగా ఒకే ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. నా కింద ఏడుగురు పనిచేస్తారు. ఈ మధ్య మా పనిలో చాలా భాగం కొత్త సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయింది. పైవాళ్లు ‘కొత్తగా ఆలోచించండి, మీ టీమ్ నుంచి ఐడియాలు కావాలి’ అంటున్నారు. మీటింగ్ పెడితే అందరూ తలలు వంచుకుని కూర్చుంటారు. నాకూ ఏమీ తట్టదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ప్రతిదానికీ విసుక్కుంటున్నాను. మొన్న తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ‘నాన్నా, అది ఇలా చేయొచ్చు కదా’ అని ఏదో చెప్పబోతే ‘నీకేం తెలుసు, వెళ్లి చదువుకో’ అని కసిరాను. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. మా ఆవిడేమో ‘మీకు మార్పంటే భయం’ అంటోంది. కొత్తగా ఆలోచించడం పుట్టుకతో రావాలా? ఈ వయసులో నేను నేర్చుకోగలనా?

జవాబు: నేర్చుకోగలరు. 1950లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న జె.పి. గిల్ఫర్డ్ తన ప్రసంగంలో, సృజన కొద్దిమంది మేధావుల సొత్తు కాదనీ, ఎక్కువో తక్కువో దాదాపు ప్రతి మనిషిలోనూ ఉంటుందనీ వాదించారు. ఈ విషయం మీద పరిశోధనలు ఊపందుకోవడానికి ఆ ప్రసంగం ఒక పెద్ద కారణం. కాబట్టి ‘నాకు పుట్టుకతో రాలేదు’ అన్న దిగులు వదిలేయండి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది నిద్ర గురించి రాసిన ఆ ఒక్క వాక్యం.

భయంలో ఉన్న మనిషి బాగా తెలిసిన దారినే మరింత గట్టిగా పట్టుకుంటాడు. ఇది స్వభావంలో లోపం కాదు. బారీ స్టా, మరో ఇద్దరు పరిశోధకులు 1981లో దీని గురించి వివరంగా రాశారు. ముప్పు ఎదురైనప్పుడు ఒంటరి మనిషైనా, బృందమైనా, పెద్ద సంస్థైనా ఒకేలా బిగుసుకుపోవడం కనిపిస్తుందన్నది వాళ్ల మాట. చుట్టూ ఉన్న సమాచారాన్ని తక్కువగా తీసుకుంటారు, అలవాటైన పద్ధతికే అతుక్కుంటారు, నిర్ణయాలన్నీ పై ఒకరిద్దరి చేతుల్లోకి పోతాయి. మీ ఆఫీసులో ఇప్పుడు జరుగుతున్నది అచ్చంగా ఇదే. ‘ఉద్యోగం ఉంటుందో లేదో’ అన్న టెన్షన్ నెత్తిన పెట్టి, అదే నోటితో ‘హాయిగా, స్వేచ్ఛగా ఆలోచించండి’ అంటే ఎవరికైనా ఎలా వస్తుంది?

మీ ఆవిడ అన్నదాంట్లో సగం నిజం ఉంది. కానీ మీ భయం మార్పు మీద కాదని నాకు అనిపిస్తోంది. ఇక నాతో ఎవరికీ అవసరం ఉండదేమో అన్న భయం అది. ఆ మాట ఆమెతో పైకి అనండి. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక లెక్క వేయండి: ఉద్యోగం పోతే ఎన్ని నెలలు గడుస్తుంది, ఏ ఖర్చు ఆపొచ్చు, ఏది ఆపలేం. ఆఫీసు లెక్కలు ఇన్నేళ్లు చూసిన మీరు, మీ భయం లెక్క ఒక్కసారైనా కాగితం మీద పెట్టారా? అంకె ఎంత వచ్చినా సరే, హద్దు తెలిసిన భయంతో బతకడం తేలిక. నిద్రలేమి, చిరాకు రెండు వారాలు దాటి ఉండి, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతే డాక్టర్‌కి చూపించుకోండి. అది వాయిదా వేసే పని కాదు.

ఇక మీ అమ్మాయి విషయం. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. మీ మీటింగులో అందరూ ఎందుకు తలలు వంచుకుంటున్నారో తెలియాలంటే ఆ అమ్మాయిని చూడండి. ఒక్కసారి నోరు తెరిచింది, దెబ్బ తగిలింది, మూసుకుంది. మీ కింది ఏడుగురిలో ఎంతమందికి, ఎన్నిసార్లు అలా జరిగి ఉంటుందో! మీ వల్లే కానక్కర్లేదు, మీకు ముందున్నవాళ్ల వల్లో, పైవాళ్ల వల్లో కావచ్చు. తిట్టు పడుతుందన్న భయం లేని జట్లే ఎక్కువ నేర్చుకుంటాయని ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1999లో చూపించారు. అలాంటి చోట తప్పు ఒప్పుకోవడానికీ, తెలియనిది అడగడానికీ జనం వెనకాడరు.

అమ్మాయి దగ్గరికి వెళ్లి సారీ చెప్పండి. ‘ఆ రోజు టెన్షన్‌లో ఉన్నాను, నీ మీద కసిరాను, అది తప్పు’ అంటే చాలు. నీతులు, వివరణలు వద్దు. తర్వాత ఆ రోజు ఏం చెప్పబోయిందో అడిగి పూర్తిగా వినండి. అది పనికిరాని ఆలోచనే కావచ్చు. అయినా ‘అదెలా కుదురుతుంది’ అనకుండా ‘అలా చేస్తే తర్వాత ఏమవుతుంది?’ అని అడగండి. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ ఒక్క ప్రశ్నతో రెండు సంగతులు అర్థమవుతాయి: నాన్న విన్నాడు, నా ఆలోచనను నేనే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లొచ్చు. ఈ అలవాటు ఇంట్లో పట్టుబడితే ఆఫీసులో మీకు కొత్తగా నేర్పాల్సింది పెద్దగా ఉండదు.

ఆఫీసులో అయితే ముందు ఆ మీటింగు పద్ధతి మార్చండి. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఐడియాలు చెప్పించే పద్ధతికి ప్రచారం తెచ్చింది అలెక్స్ ఆస్బోర్న్ అనే ప్రకటనల రంగం మనిషి. ఆలోచనలు చెప్పేటప్పుడు మంచిచెడ్డలు తేల్చకూడదన్న ఆయన నియమం బంగారం లాంటిది. గుంపుగా కూర్చుంటే ఆలోచనలు ఎక్కువ వస్తాయన్న నమ్మకం మాత్రం నిలబడలేదు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూస్తే, నలుగురు కలిసి కూర్చున్నప్పటికంటే, విడివిడిగా ఆలోచించిన మరో నలుగురివి కలిపినప్పుడే ఎక్కువ వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాలి, ఆ ఆగడంలోనే తట్టింది జారిపోతుంది. పైగా ఎవరేమనుకుంటారో అన్న బెరుకు ఒకటి.

అందుకని ఒక పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా పేరు లేని చీటీల మీద రాయించండి. ఒకరు అన్నీ చదవాలి. ఆ రోజుకి అంతే. ఏది కుదురుతుంది, ఏది కుదరదు అన్న చర్చ మర్నాటికి పెట్టుకోండి. ‘ఐడియా రాయండి’ అని మాత్రం అడక్కండి, ఆ మాట వింటేనే బుర్ర మొద్దుబారుతుంది. ‘ఈ వారం మీకు బాగా విసుగు తెప్పించిన పని ఏది?’, ‘మనం పంపే రిపోర్టుల్లో ఎవరూ తెరిచి చూడనివి ఏవి?’, ‘టైమ్ దొరికితే ఏది సరిచూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు?’ ఇలా అడగండి. మూడో ప్రశ్న నాకు బాగా ఇష్టం. సాఫ్ట్‌వేర్ మీ చేతిలోంచి తీసుకున్నది అంకెలు ఎక్కించే పని. ఏ బిల్లు రెండోసారి వస్తుందో, ఏ నెలాఖరులో ఏ అంకె అనుమానంగా ఉంటుందో, ఏ విభాగం వాళ్లు ఒకే సందేహం మీద మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తారో మీ ఏడుగురికీ తెలుసు.

కార్ల్ డంకర్ అనే మనస్తత్వవేత్త తయారుచేసిన ఒక పరీక్ష ఉంది. ఒక కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, ఒక డబ్బా నిండా గుండుపిన్నులు ఇస్తారు. మైనం కింద పడకుండా కొవ్వొత్తిని గోడకు నిలబెట్టాలి. డబ్బా ఖాళీ చేసి గోడకు గుచ్చి దానిమీద కొవ్వొత్తి పెడితే సరిపోతుంది. కానీ చాలామందికి అది పిన్నులు పెట్టుకునే డబ్బాలాగే కనిపిస్తుంది, అరలాగా కనిపించదు. 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ ఇదే పరీక్షలో కొందరికి త్వరగా చేస్తే డబ్బు ఇస్తామని ఆశ పెట్టారు. వాళ్లకు ఇంకా ఎక్కువ సేపు పట్టింది! మీరు మీ ఇరవై ఏళ్ల అనుభవాన్ని ఆ డబ్బాలాగే చూస్తున్నారు, పాత పని పెట్టుకోవడానికే పనికొచ్చేదిగా. దాన్ని ఖాళీ చేసి చూడమని మాత్రమే నేనంటున్నది.

రోజూ కాసేపు నడవండి. నడుస్తున్నప్పుడు కూర్చున్నప్పటికంటే ఎక్కువ ఆలోచనలు తడతాయని 2014లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు గమనించారు. ఫోన్ వదిలి వెళ్లండి, అమ్మాయి వస్తానంటే తీసుకెళ్లండి.

చివరిగా, పైవాళ్ల దగ్గరికి పెద్ద ఐడియా పట్టుకుని వెళ్లాలని చూడొద్దు. చీటీల్లోంచి ఒక చిన్నదాన్ని ఎంచుకోండి, ఒక్క రిపోర్టుకో ఒక్క విభాగానికో సరిపోయేది. ‘ఒక నెల చేసి చూస్తాం, ఈ రెండు అంకెలు గమనిస్తాం, తేడా రాకపోతే ఆపేస్తాం’ అని ముందే రాసిచ్చి అనుమతి అడగండి. ఆపేయాల్సి వస్తే ఎవరి మీదా నెపం పెట్టరని కూడా ఆ కాగితంలోనే రాయించుకోండి. అది మీకోసం కాదు, రెండో చీటీ రాయబోయే మనిషి కోసం.