అద్దం బొమ్మలు గీయించే ముందు

అమ్మడూ,

బెంగళూరులో మీ మారతహళ్లి అపార్ట్‌మెంట్లో ఆదివారాలు ఎనిమిదో తరగతి పిల్లలకు సైన్సు చెప్పబోతున్నావనీ, మొదటి పాఠం అద్దాలేననీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమేసిందే! వెంటనే బెంగ కూడా పట్టుకుంది. కిరణాల బొమ్మ నువ్వే బోర్డు మీద చకచకా గీసేసి, పిల్లల చేత నోటుబుక్కుల్లో ఎక్కించేసి, పాఠం అయిపోయిందంటావేమోనని. నీ తొందర నాకు తెలియంది కాదు.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. పెన్సిలు సన్నగా చెక్కించు. గళ్ల కాగితం ఇవ్వు. అద్దానికి ఒక గీత, దాని వెనకవైపు పొట్టి ఏటవాలు గీతలు. పతన బిందువు, అంటే కిరణం అద్దాన్ని తాకే చోటు, దగ్గర అద్దానికి లంబం. వచ్చే కిరణం చేసే పతన కోణమూ, తిరిగి వెళ్లే కిరణం చేసే పరావర్తన కోణమూ ఆ లంబం నుంచే కొలవాలి, అద్దం నుంచి కాదు. వెలుగు నడిచే దారి నిండు గీత, దానికి బాణం గుర్తు. అద్దం వెనక్కి పొడిగించేది చుక్కల గీత, దానికి బాణం వద్దు, అక్కడ వెలుగు లేదు కాబట్టి.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తాను. పిల్లలు అద్దం మీద తోచిన చోట ఒక చుక్క పెట్టి, వస్తువు నుంచి దానికో గీత, దాన్నుంచి కంటికో గీత లాగేస్తారు. చూడ్డానికి బొమ్మ ముచ్చటగానే ఉంటుంది. కోణాలు కొలవరు. కొలిచినా, రెండూ సమానంగా ఉండాలి కదా అని, తేడా వచ్చినా సమానమనే రాసేస్తారు. అదే నాకు భయం, ఎందుకంటే అక్కడ వాళ్లు నేర్చుకునేది సైన్సు కాదు, కొలతను దాచడం.

అందుకే ఈ లెక్క ఇవ్వు. కొవ్వొత్తి అద్దానికి 4 సెం.మీ. ముందు, కన్ను 6 సెం.మీ. ముందు. అద్దం వెంబడి వాటి మధ్య 10 సెం.మీ. చాలామంది సరిగ్గా సగంలో, 5 దగ్గర చుక్క పెడతారు. తిట్టకు. కోణమానిని (ప్రొట్రాక్టర్) చేతికివ్వు. పతన కోణం సుమారు 51 డిగ్రీలు, పరావర్తన కోణం సుమారు 40 వస్తాయి. అంత తేడా పెన్సిలు మందం వల్ల రాదని వాళ్లకే తెలుస్తుంది. అప్పుడు చెప్పు: ముందు ప్రతిబింబం, తర్వాతే కిరణం. కొవ్వొత్తి నుంచి అద్దానికి లంబంగా వెళ్లి, వెనక మరో 4 సెం.మీ. దగ్గర ప్రతిబింబం గుర్తించాలి. దాన్నుంచి కంటికి స్కేలు పెట్టాలి. స్కేలు అద్దాన్ని ఎక్కడ దాటితే అదే పతన బిందువు. కొవ్వొత్తికి ఎదురుగా ఉన్న చోటు నుంచి 4 సెం.మీ. దగ్గర పడుతుంది, రెండు కోణాలూ 45 డిగ్రీలు. అద్దం ముందున్న త్రిభుజమూ వెనకున్న త్రిభుజమూ సర్వసమానాలు, అంటే అచ్చంగా ఒకే కొలతలవి, కాబట్టి కోణాలను ఎవరూ సరిపెట్టక్కర్లేదు.

ఒక్క కిరణంతో ఆపనీయకు. కనుపాప పై అంచుకు ఒకటి, కింది అంచుకు ఒకటి గీయించు. ఒక్క గీతను వెనక్కి పొడిగిస్తే ప్రతిబింబం దాని మీద ఎక్కడో ఉందని మాత్రమే తెలుస్తుంది. రెండు కలిసిన చోటే అది ఎక్కడుందో ఖాయమవుతుంది. చిన్నప్పుడు నువ్వు బీరువా తలుపు తీసి, అద్దంలో పాప లోపలుందేమోనని చీరల మధ్య వెతికేదానివి. నీ తరగతిలోనూ అలాంటి పిల్ల ఒకతె ఉంటుంది, దాన్ని చూసి ఎవరినీ నవ్వనీయకు.

గుండుసూదులు గుచ్చి కిరణం దారి గుర్తించే ప్రయోగానికి కింద థర్మోకోల్ పరువు. సూదులు నిటారుగా, ఒకదానికొకటి కనీసం 5 సెం.మీ. దూరంలో ఉండాలి. చూసేటప్పుడు సూదుల తలలు కాదు, మొదళ్లు ఒకే వరసలో కనపడాలి. ఇంకోటి: మామూలు అద్దానికి వెలుగును తిప్పికొట్టే పూత వెనకవైపు ఉంటుంది. కాగితం మీది గీత ఆ వెనక అంచు కిందకి రావాలి. ముందు అంచు పెడితే గాజు మందం కొలతలో తప్పై కూర్చుంటుంది.

బండ్ల పక్క అద్దాలను ఉదాహరణగా చెప్పకు. అవి చాలావరకు ఉబ్బెత్తువి, ఈ లెక్కకు లొంగవు. నిలువుటద్దం చెప్పు. 160 సెం.మీ. మనిషికి కళ్లు 150 దగ్గరుంటే, నేల నుంచి 75 దగ్గర మొదలై 155 దాకా ఉన్న 80 సెం.మీ. అద్దం చాలు, నిండుగా కనిపించడానికి. దూరం జరిగినా అంతే. దీన్ని వాళ్ల చేతే గీయించు, నమ్మరు ముందు.

అద్దం ముక్కలు కోయించినప్పుడు నాలుగంచులూ షాపులోనే అరగదీయించు, పైన టేపు కూడా అంటించు. గాజు అంచు కోసుకుంటే తెలిసేలోపే రక్తం వస్తుంది, ఆ వయసు పిల్లలు వేలితో నిమరకుండా ఉండలేరు. మొదటి వారం నోటుబుక్కుల ఫొటోలు నాకు పంపు. పతన బిందువులు ఎక్కడ పడ్డాయో ముందు అవే చూస్తాను.

మీ అత్త