ప్రశ్న–జవాబు: లోకమా, యుగమా?

ఈసారి ఉత్తరాలన్నీ ఇంగ్లండుకు చెందిన ఆంగ్లికన్ క్రైస్తవ వేదాంతి జాన్ మిల్‌బ్యాంక్ గురించే వచ్చాయి. 1952లో పుట్టిన ఆయన, 1990లో వెలువడిన ‘థియాలజీ అండ్ సోషల్ థియరీ’ పుస్తకంలో ఆధునిక సెక్యులర్ ఆలోచనను మూలాల దగ్గరే నిలదీశారు.

ప్రశ్న: ‘ఒకప్పుడు సెక్యులర్ అనేదే లేదు’ అన్న మాటతో ఆ పుస్తకం మొదలవుతుందట. మన రాజ్యాంగంలోని ‘లౌకిక’ అన్న మాటే మాలాంటి మైనారిటీలకు అండ. ఈయన వాదన ఒప్పుకుంటే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టు కాదా?
– ఒక సండేస్కూల్ టీచరు, పర్లాకిమిడి

జవాబు: మీ భయం అర్థమైంది కానీ, ఇవి రెండు వేరు సంగతులు. 1976లో 42వ సవరణతో పీఠికలో చేరిన మాటకు మన దేశంలో అర్థం, రాజ్యం ఏ మతం కొమ్ము కాయకూడదని. 25వ అధికరణం ఇచ్చే మతస్వేచ్ఛ దాని వెన్నెముక. మిల్‌బ్యాంక్ గురి దాని మీద కాదు. దేవుని ఊసెత్తకుండానే మనిషినీ సమాజాన్నీ పూర్తిగా వివరించవచ్చు, ఆ వివరణకు తనదంటూ ఏ విశ్వాసమూ అక్కర్లేదు అనే ధీమా మీద.

మాట దగ్గరే మొదలుపెడదాం. లాటిన్‌లో సెక్యులుం అంటే కాలం. మధ్యయుగ క్రైస్తవులకు అది ఆదాము పతనానికీ అంత్యదినానికీ నడుమ గడిచే కాలం. మీ బైబిల్లో మత్తయి 28:20 తీయండి, ‘యుగసమాప్తి’ అని ఉంటుంది. రోమా 12:2 తీయండి, ‘ఈ లోక మర్యాద’ అని ఉంటుంది. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, అయోన్. లాటిన్ బైబిల్లోనూ రెండు చోట్లా సెక్యులుమే. మన అనువాదంలో ఒకచోట యుగం, ఒకచోట లోకం అయింది. ‘లౌకిక’ అనగానే మనకు ఒక చోటు తోస్తుంది: గుడిది ఇంతవరకు, బజారుది ఇక్కణ్ణుంచి అని పొలానికి గట్టు వేసినట్టు. కాలానికి అలాంటి గట్టు వేయలేం. ఆ యుగంలోనే రాజూ ఉన్నాడు, పాదిరీ ఉన్నాడు, ఇద్దరూ దేవునికి లెక్క చెప్పాల్సినవాళ్లే.

మరి గట్టు ఎవరు వేశారు? దేవుడు లేడనుకున్నా సహజ న్యాయం నిలుస్తుందని 1625లో డచ్ న్యాయవేత్త గ్రోషియస్ రాశాడు. మనుషులు సహజంగా ఒకరిమీద ఒకరు యుద్ధంలో ఉంటారు గనుక అందరూ ఒక ఏలికకు లొంగాలని 1651లో ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ రాశాడు. మతం పొర తీసేస్తే అడుగున కనిపించిన నిజం ఇదేనని మనకు బళ్లో నేర్పుతారు. మిల్‌బ్యాంక్ ఒప్పుకోరు. అది కొత్తగా కల్పించిన మనిషి బొమ్మ అంటారు. పైగా దానికి అచ్చు పోసింది వేదాంతమే. దేవుణ్ణి అన్నిటికన్నా ముందు సంకల్పబలంగా చూసిన వేదాంతులు, ఆయన పోలికలో పుట్టిన మనిషిని కూడా ముందు యజమానిగా, హక్కుదారుగా చూశారు. నా లెక్కలో ఆ పుస్తకానికి గుండెకాయ ఈ భాగమే.

ప్రశ్న: సమాజశాస్త్రం మారువేషంలో ఉన్న వేదాంతమని ఆయన అంటే, మేం కాలేజీలో చెప్పే పాఠమంతా తప్పేనా?
– ఒక అధ్యాపకుడు, గుణుపూర్

జవాబు: అంతా కాదు. ఎక్కడ తప్పుతుందో మీకు తెలిసిన కోతపండుగ మీదే పరీక్షించండి. ఒకరు బస్తా వడ్లు తెస్తారు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడి. ఆరాధన తర్వాత వేలం పాడి, వచ్చిన సొమ్ము సంఘానికి ఇస్తారు. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డ్యూర్క్‌హైం 1912లో చూపిన దారిలో నడిచే పరిశోధకుడు ‘ఈ పండుగ పని సమాజాన్ని కలిపి ఉంచడం’ అని రాసుకుంటాడు. అప్పుడు అడగండి: ఆ కానుక, ఆ పాట, ఆ భోజనం తీసేస్తే, వాటి వెనక ఉందంటున్న ‘సమాజం’ ఎక్కడ? ఆ కలయిక వాటిలోనే ఉంది కదా! వాటినుంచే తీసిన మాటను వాటికే కారణంగా చూపించడం చుట్టు తిరిగి మొదటికి రావడమే. ఆ తర్వాత ఇంకోటి అడగండి: సమాజం పునాది, మతం పై పూత అని ముందే తేల్చింది ఏ సర్వే? ఏదీ కాదు. అది లెక్కకు ముందే పెట్టుకున్న నమ్మకం.

చాలామంది ఇక్కడే జారిపడతారు, సర్వేలన్నీ అబద్ధమని తేల్చేస్తారు. గుడిలో ఏ కులంవాళ్లు వెనక వరసలో కూర్చుంటున్నారో లెక్కగట్టి చెబితే అది నిజమే, సంఘం తల వంచుకుని వినాల్సిన నిజం. మిల్‌బ్యాంక్ ఇలాంటి మేలుకు తగినంత చోటు ఇవ్వలేదన్నది నా ఫిర్యాదు. ఆ లెక్కను పట్టుకుని ‘కనుక విశ్వాసమంటే ఇంతే’ అనే చివరి అడుగు మీదనే ఆయన అభ్యంతరం నిలుస్తుంది.

ప్రశ్న: ఈ సెక్యులర్ ఆలోచన అంతటికీ మధ్యయుగ వేదాంతి డన్స్ స్కోటసే కారణమట. ప్రసంగంలో చెప్పవచ్చా?
– ఒక పాస్టరు, జయపురం

జవాబు: జాగ్రత్తగా. ‘దేవుడున్నాడు’ అంటాం, ‘మహేంద్రగిరి ఉంది’ అంటాం. ఈ రెండు ‘ఉండటాలూ’ ఒకటేనా? పోలిక ఉంది గానీ ఒకటి కాదు, కొండ ఉండటం దేవుడు పంచి ఇచ్చినది అని మధ్యయుగ వేదాంతి అక్వినాస్ (1225–1274). దేవునికీ సృష్టికీ కలిసే అర్థం ఒకటి ఉండాలి, లేకపోతే దేవుని గురించి తర్కించలేం అని 1308లో చనిపోయిన స్కోటస్. ఆ ఉమ్మడి అర్థం వచ్చాకే, దేవుణ్ణి పక్కనబెట్టి కొండను దానంతట అదే తెలుసుకోవచ్చనే తలుపు తెరుచుకుందని మిల్‌బ్యాంక్ వాదన. స్కోటస్ చెప్పింది మన భావనల సంగతే గానీ వస్తువుల ఉనికి సంగతి కాదని రిచర్డ్ క్రాస్ వంటి పండితులు గట్టిగా అడ్డుపడ్డారు. ఆ అభ్యంతరంలో బలముంది. వేదిక మీద ఒక్క మనిషిని దోషిగా నిలబెట్టకండి.

ప్రశ్న: మా యవ్వనస్థుల కూడికలో ఎనిమిదిమందిమి. సగం మందిది ఒడియా మీడియం. ఆ పుస్తకాన్ని ఎలా చదవాలి?
– బరంపురం

జవాబు: మొదటి పేజీ నుంచి మొదలుపెడితే మూడోవారానికి ఇద్దరే మిగులుతారు. పుస్తకంలో పన్నెండు అధ్యాయాలు, ప్రతి పేజీలోనూ వాళ్లనూ వీళ్లనూ ఖండిస్తూ పోతారు, ఆ పేర్లు తెలియకపోతే ఊపిరాడదు. మొదటి రెండు వారాలు దాన్ని ముట్టుకోకండి. ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ రాసిన ‘దేవుని పట్టణం’లో పందొమ్మిదో పుస్తకం, అంటే పందొమ్మిదో భాగం, చదవండి. ఇంటి సమాధానం (అంటే శాంతి) నుంచి పట్టణ సమాధానం దాకా ఆయన మెట్లు కట్టి చూపిస్తాడు. యుద్ధం చేసేవాడు కూడా తనకు నచ్చిన సమాధానం కోసమే చేస్తాడంటాడు. సమాధానమే మొదటిది, హింస దాని చెడిపోయిన రూపం. ఇది పట్టుబడితే హాబ్స్‌తో మిల్‌బ్యాంక్ తగవు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. మూడోవారం ఒకటో అధ్యాయం ఎత్తుకోండి, రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత అయిదోది, సమాజశాస్త్రం మీద. చివరకు పన్నెండోది. మధ్యలో హెగెల్, మార్క్స్ మీద ఉన్నవి ఈ విడతకు వదిలేయండి.

కూర్చున్నప్పుడల్లా రెండు పేజీలు చాలు. ఒకరు ఇంగ్లీషులో ఒక పేరా చదవాలి, ఇంకొకరు పుస్తకం మూసి తెలుగులో చెప్పాలి, మూడోవారు ఒడియాలో. చెప్పలేకపోతే ఆ పేరా అర్థం కానట్టే, మళ్లీ చదవండి. ‘సెక్యులర్’ వచ్చిన ప్రతిచోటా అది రాజ్యం సంగతా, కాలం సంగతా, ఆలోచన సంగతా అని అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పర్లాకిమిడి టీచరుకు చెప్పిన ఆ రెండు వచనాలను ఒడియా బైబిల్లో కూడా తీసి, అక్కడ ఒకటే మాట వాడారో రెండు వాడారో చూసి మాకు రాయండి.