నానో వ్యాసం పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

రక్షణరంగంలోనూ పరిశ్రమల్లోనూ నానోటెక్నాలజీ గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష మీద నీకు పట్టుంది. అయితే మొదటి పేరాలోనే సైనికుణ్ణి మాయం చేసే దుస్తులు, రెండో పేరాలో ఉక్కుకి వంద రెట్లు గట్టి దారం వచ్చేశాయి. నానో అనగానే సైన్సు రాసేవాళ్ల కలం కాస్త జోరెక్కుతుంది. పగ్గం వేయాల్సింది అక్కడే.

ఆ వంద రెట్ల మాట పూర్తిగా అబద్ధం కాదు. కార్బన్ పరమాణువులతో అల్లిన అతి సన్నటి గొట్టమే కార్బన్ నానోట్యూబ్. లోపం లేని ఒక్క కార్బన్ నానోట్యూబ్‌ని రెండు కొసలూ పట్టి లాగితే పదుల గిగాపాస్కల్స్ (లాగుడుని తట్టుకునే బలానికి కొలమానం) దాకా తట్టుకుంటుంది. కట్టడాల్లో వాడే మామూలు ఉక్కు అర గిగాపాస్కల్ దగ్గరే తెగుతుంది. కానీ ఒక్క గొట్టంతో తాడు రాదు కదా. కోట్ల గొట్టాల్ని కలిపి పేనితే అవి ఒకదాని పక్కన ఒకటి జారిపోతాయి. గొట్టం ఎంత గట్టిదైనా తాడు ఆ జారుడు దగ్గరే ఓడిపోతుంది. పోనీ ప్లాస్టిక్‌లో కలుపుదామంటే ఉండలు కడతాయి, ఉండ ఉన్నచోటే పగులు మొదలవుతుంది. 1991లో జపాన్‌లో సుమియో ఈజిమా ఈ గొట్టాల నిర్మాణాన్ని వివరించినప్పటి నుంచీ ఇంజనీర్లు దీంతోనే కుస్తీ పడుతున్నారు. కాబట్టి ఒక్క రేణువు గుణాన్ని టన్ను సరుకుకి అంటగట్టకు. నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

"నానో అల్యూమినియం కలిపితే పేలుడు శక్తి రెట్టింపు" అని రాశావు. అక్కడ కొంచెం ఆగుదాం. సెంటీమీటరు ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే నానోమీటరు (మీటరులో వందకోట్లో వంతు) ఘనాలుగా కోయగలిగితే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరంన్నర. మంట అంటుకునేది ఉపరితలం మీదే కాబట్టి పొడి ఎంత మెత్తనిదైతే అంత వేగంగా మండుతుంది. ఇంతవరకూ నువ్వు రాసింది సరే. కానీ గాలి తగిలిన మరుక్షణం ప్రతి అల్యూమినియం రేణువు మీదా రెండు నుంచి నాలుగు నానోమీటర్ల ఆక్సైడ్ పొర కడుతుంది. 10 మైక్రాన్ల (అంటే 10,000 నానోమీటర్ల) రేణువుకి ఆ పొర లెక్కలోకే రాదు. 30 నానోమీటర్ల రేణువు మీద 3 నానోమీటర్ల పొర ఉంటే లోపల మిగిలిన లోహం సగమే. అంటే సగం పొడి నువ్వు వాడకముందే కాలిపోయినట్టు లెక్క. వేగం పెరుగుతుంది, కిలోకి వచ్చే వేడి తగ్గుతుంది. పైగా ఇంత మెత్తని పొడి కలిపితే రాకెట్ ఇంధనం మరీ చిక్కబడి అచ్చులో పోయడమే కష్టమవుతుంది. నీ ఒక్క వాక్యం వెనక ఇంత కథ ఉంది. ఇదంతా రాసి ఉంటే ఆ పేరా నిలబడేది.

మాయదుస్తుల మాటకొస్తే, 2014లో ఒక బ్రిటిష్ సంస్థ వాంటాబ్లాక్ అనే పూత చూపించింది. నానోట్యూబుల్ని అడవిలా నిలువుగా పెంచిన పూత అది, దాని మీద పడిన కాంతిలో 99.965 శాతం మింగేస్తుంది. కానీ అది కప్పుకుని పగటిపూట నిలబడితే మనిషి ఆకారంలో నల్లటి రంధ్రం కనిపిస్తుంది, అంతే. చెయ్యి తగిలితే పాడవుతుంది కూడా. దాని అసలు చోటు కెమెరాల్లో, టెలిస్కోపుల్లో లోపలి గోడల మీద. అమెరికా సైన్యం 2002లో 5 కోట్ల డాలర్లిచ్చి ఎంఐటీ అనే అక్కడి విశ్వవిద్యాలయంలో సైనికుల కోసం ప్రత్యేకంగా నానో పరిశోధన సంస్థ పెట్టించింది. గుండు ఆపి, విషవాయువు పసిగట్టి, గాయానికి కట్టు కూడా కట్టే దుస్తులు అప్పటి కల. అన్నీ ఒకే దుస్తుల్లో ఇమిడినది మాత్రం ఏ సైన్యం ఒంటి మీదకీ రాలేదు.

వచ్చినవి వేరే ఉన్నాయి. అదే ఎంఐటీలో తిమోతీ స్వేగర్ తయారుచేసిన మెరిసే పాలిమర్ సంగతి చూడు. పొడవాటి గొలుసులా ఉండే దాని అణువు మీద ఎక్కడో ఒకచోట టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం అణువు అంటుకుంటే చాలు, గొలుసు పొడుగునా మెరుపు తగ్గిపోతుంది. దాంతో చేసిన ఫైడో అనే పరికరం ఇరాక్‌లో బాంబుల జాడ పసిగట్టడానికి పనికొచ్చింది. గ్యాస్ మాస్క్ ఇంకా పాతది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ అందులో ఉన్నది బొగ్గే, కాకపోతే ఉత్తేజితం చేసిన బొగ్గు. గ్రాములోనే వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉపరితలం దాచుకున్న, నానోమీటర్లలో కొలిచేంత సన్నటి రంధ్రాలు దానికి ఉంటాయి.

పరిశ్రమల భాగం నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, అసలు సరుకంతా అక్కడుంటే! నోరియో తనిగుచి 1974లో నానోటెక్నాలజీ అని పేరు పెట్టేనాటికే టైర్లలో కార్బన్ బ్లాక్ కలపడం దశాబ్దాల పాత అలవాటు. పదుల నానోమీటర్ల మసి రేణువులు రబ్బరుని అరగనివ్వవు, టైరు నలుపు వాటిదే. చిప్పుల గురించి రాసేటప్పుడు జాగ్రత్త. "3 నానోమీటర్ల చిప్" అన్నది అమ్మకాల పేరు. అందులో ఒక గేటుకీ (కరెంటుని ఆపి వదిలే మీటలాంటి భాగం) పక్క గేటుకీ మధ్య దూరం 40 నానోమీటర్లు దాటే ఉంటుంది. అయినా అతిశయోక్తి అక్కర్లేదు. ఆ చిప్పులు అచ్చేసే యంత్రంలో సెకనుకి 50,000 తగరపు బొట్లు రాల్చి, ఒక్కోదాన్నీ లేజర్‌తో కొట్టి 13.5 నానోమీటర్ల కాంతి పుట్టిస్తారు. దీన్ని ఉన్నదున్నట్టు రాసినా చదివేవాడు నోరెళ్లబెడతాడు.

ఇంకొకటి. నీ వ్యాసంలో సైనికుడున్నాడు, శాస్త్రవేత్త ఉన్నాడు, కార్మికుడు లేడు. పొడవాటి నానోట్యూబులు ఎలుకల పొట్ట పొరలో ఆస్బెస్టాస్ లాంటి వాపు తెచ్చాయని 2008లోనే తేలింది. 2014లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఒక రకం నానోట్యూబుని కేన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. ప్లాస్టిక్‌లో కలిసి గట్టిపడ్డాక భయం తక్కువ. బస్తా విప్పేటప్పుడు, తయారైన పలకని కోసేటప్పుడు, సానపట్టేటప్పుడు దుమ్ము లేస్తుంది. ఏదైనా ఫ్యాక్టరీకి వెళ్లే వీలుంటే, సరుకు పొడిగా వస్తోందా, ద్రవంలో కలిపి వస్తోందా అని అడుగు. దుమ్ము లేచేచోట గాలిని లాగేసే ఏర్పాటు ఉందేమో, ముక్కుకి కట్టుకున్నది సరైన మాస్కేనా లేక గుడ్డముక్కా అన్నది చూడు. గేటు దగ్గరే ఆపేస్తే, ఆపేశారని రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య