ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అంటే చట్టం కాదండీ

అమెరికా ప్రెసిడెంట్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ మీద, అంటే ప్రభుత్వ శాఖలకి తాను ఇచ్చే ఆదేశం మీద, సంతకం పెడితే అదే చట్టమా, ఇంకెవరూ ఆపలేరా అని కదా మీ డౌట్. కాదండీ. రాజ్యాంగమో, కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చేసిన చట్టమో ఇచ్చిన అధికారం వెనక ఉంటేనే ఆ ఆర్డర్ నిలబడుద్ది, లేకపోతే కోర్టు కొట్టేయొచ్చు.

1952 స్టీలు మిల్లుల కేసు ఒక్కటి చదవండి చాలు. కొరియా యుద్ధం నడుస్తోంది, కార్మికులు సమ్మెకి రెడీగా ఉన్నారు, ఆయుధాలకి స్టీలు ఆగిపోద్దని అప్పటి ప్రెసిడెంట్ ట్రూమన్ ఏప్రిల్ 8న ఆర్డర్ ఇచ్చి మిల్లుల్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకోమన్నాడు, కంపెనీలు కోర్టుకెళ్లాయి, జూన్ 2న సుప్రీంకోర్టు 6-3తో కుదరదని చెప్పేసింది, ఆయన మిల్లులు తిరిగిచ్చేశాడు. అందులో జస్టిస్ జాక్సన్ చెప్పిన లెక్క నాకు చాలా ఇష్టం: కాంగ్రెస్ తోడుంటే ప్రెసిడెంట్‌కి ఫుల్ బలం, అది ఏమీ చెప్పకపోతే మసక మసక, వద్దన్నదే చేస్తే బలం అట్టడుక్కి. ఏ ఆర్డర్ వార్తల్లోకొచ్చినా ముందు ఈ మూడింట్లో ఎక్కడ పడుద్దో చూడండి.

ప్రెసిడెంట్ వీటో చేస్తే, అంటే బిల్లుని తిప్పికొడితే, అది పోయినట్టే అని కూడా అనుకుంటారు, అదీ కాదు, రెండు సభల్లో మూడింట రెండొంతులు ఓటేస్తే చట్టం అయిపోద్ది, 1973లో ప్రెసిడెంట్ నిక్సన్ వద్దన్నా యుద్ధ అధికారాల తీర్మానం అలాగే పాసయింది. క్షమాభిక్ష మాత్రం నిజంగా పెద్ద పవరే, కాకపోతే ఫెడరల్ (కేంద్ర చట్టాల కింద వచ్చే) నేరాలకే, రాష్ట్రాలు పెట్టిన కేసుల్లో పనిచేయదు.