రాజును మించిన రాజభక్తులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నెపోలియన్ పతనం తర్వాత ఫ్రాన్సును నడిపిన మంత్రులంతా రాజపక్షం వారేనని మా పాఠంలో ఉంది. అందరిదీ ఒకే పక్షమైతే మంత్రివర్గాలు అన్నిసార్లు ఎందుకు మారాయి?
– డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: ఒకే జెండా కింద రెండు వర్గాలు ఉండడమంటే ఏమిటో కడపలో ఉన్నవారికి విడమరిచి చెప్పవలసిన పని లేదు. 1815 జూలై నుంచి 1830 జూలై వరకు ఫ్రాన్సులో టాలీరాండ్, రిషెల్యూ, దెసోల్, దెకాజ్, మళ్లీ రిషెల్యూ, విలేల్, మార్తిన్యాక్, పోలిన్యాక్‌ల పేర్లతో ఎనిమిది మంత్రివర్గాలు నడిచాయి. బూర్బన్ వంశమే గద్దెమీద ఉండాలన్న విషయంలో వీరిలో చాలామందికి పేచీ లేదు. ఆ గద్దె 1789 నాటి విప్లవంతో రాజీపడి నిలవాలా, విప్లవం చేసినదాన్నంతా తిరగదోడి నిలవాలా అన్నచోటనే తగవు మొదలైంది.

ఇరవై ఏళ్లకు పైగా పరదేశాల్లో గడిపి తిరిగివచ్చిన 18వ లూయీ 1814 జూన్ 4న ప్రజలకు ఒక చార్టర్, అంటే రాజ్యాంగ పత్రం, ప్రసాదించాడు. ప్రసాదించాడు అన్నమాట నేను కావాలనే వాడుతున్నాను, ఎందుకంటే అది ప్రజల హక్కు కాదు, తన దయ అన్నట్టుగానే రాజు దాన్ని ఇచ్చాడు. అయినప్పటికీ చట్టం ముందు అందరూ సమానులేనని, విప్లవకాలంలో అమ్ముడుపోయిన భూములు కొన్నవారికే చెందుతాయని, సభల సమ్మతి లేనిదే పన్ను వేయరాదని అందులో ఉంది. రాజును శిక్షించరాదు, మంత్రులే బాధ్యులు అని కూడా ఉంది. అయితే ఆ మంత్రులు ఎవరికి జవాబుదారులు, నియమించిన రాజుకా, పన్నులు మంజూరుచేసే ప్రతినిధుల సభకా అన్నది చార్టర్ తేల్చలేదు. నా దృష్టిలో ఆ పదిహేనేళ్ల రాజకీయమంతా ఆ ఒక్క ఖాళీలోనే జరిగింది.

మళ్లీ గద్దెనెక్కిన నెపోలియన్ వాటర్లూ యుద్ధంలో చివరిసారి ఓడిన తర్వాత 1815 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో అల్ట్రాలని పేరుపడ్డ తీవ్ర రాజపక్షీయులు సభను ముంచెత్తారు. ఇలాంటి సభ వెదికినా దొరకదని మొదట మురిసిపోయిన రాజుకే కొద్ది నెలల్లో వారితో తల బొప్పికట్టింది. పగ తీర్చుకోవాలన్న ఆత్రం వారిది. దేశాన్ని పరాయి సైన్యాల నుంచి విడిపించుకోవాలన్న తొందర రాజుది, ఆయన మంత్రి రిషెల్యూది. ఇక్కడే చోద్యం జరిగింది. రాజే సర్వస్వమని చెప్పుకునే అల్ట్రాలు, రాజు మంత్రులు తమకు నచ్చకపోయేసరికి, సభలో ఎవరిది మెజారిటీయో మంత్రివర్గం కూడా వారి మాటే వినాలని వాదించడం మొదలుపెట్టారు. 1816లో వారి పక్షపు రచయిత షాతోబ్రియాన్ ఇదే వాదంతో ఒక పుస్తకం రాసి, తనకున్న గౌరవ మంత్రి హోదాను పోగొట్టుకున్నాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 5న రాజు ఆ సభను రద్దుచేశాడు. పార్లమెంటు హక్కుల కోసం ఆ కాలంలో ముందుగా గొంతెత్తినవారు పార్లమెంటును అంతగా నమ్మనివారే కావడం నన్ను ఇప్పటికీ నవ్విస్తుంది.

రిషెల్యూ గురించి ఒక మాట అదనంగా చెప్పాలి. విప్లవకాలంలో రష్యాకు వెళ్లి, జారు కొలువులో ఒడెస్సా నగరాన్ని తీర్చిదిద్దిన మనిషి ఆయన. 1815 నవంబర్ ఒప్పందం ప్రకారం ఫ్రాన్సు 70 కోట్ల ఫ్రాంకుల పరిహారం కట్టాలి, లక్షా యాభై వేల పరదేశి సైన్యాన్ని తన గడ్డమీద భరించాలి. అయిదేళ్ల గడువు ఉండగా, 1818లోనే ఆ సైన్యాన్ని సాగనంపిన ఘనత ఆయనది. తర్వాత వచ్చిన దెకాజ్ రాజుకు ఎంత ప్రీతిపాత్రుడో అల్ట్రాలకు అంత కంటగింపు. 1820 ఫిబ్రవరి 13 రాత్రి ఒపేరా దగ్గర రాజు తమ్ముడి కొడుకు బెర్రీ ప్రభువును ఒకడు కత్తితో పొడవగా, ఆ నెత్తురును అల్ట్రాలు దెకాజ్ ఖాతాలో రాశారు. ఆయన పదవి వదలక తప్పలేదు.

ప్రశ్న: మద్రాసు గవర్నర్ మన్రో మా పత్తికొండలో కలరాతో కన్నుమూసిన నాటికి ఫ్రాన్సులో ఎవరి ఏలుబడి ఉండేది?
– పత్తికొండ పాఠకుడు

జవాబు: మన్రో మరణించింది 1827 జూలై 6న. అప్పుడు ఫ్రాన్సు రాజు 18వ లూయీ తమ్ముడు 10వ చార్లెస్. మంత్రివర్గానికి పెద్ద తులూజ్‌కు చెందిన విలేల్. 1821 డిసెంబర్‌లో ఆర్థికమంత్రిగా వచ్చి, మరుసటి ఏడు మంత్రిమండలి అధ్యక్షుడైన ఈయన బక్కపలచని మనిషి, ముక్కుతో మాట్లాడే గొంతు, వక్తృత్వం అంతంతమాత్రం. లెక్కల దగ్గర మాత్రం ఆయనను మించినవాడు లేడు. ఏ శాఖకు ఎంత మంజూరైతే అంతకు మించి ఖర్చుపెట్టరాదన్న క్రమశిక్షణను గట్టిగా నిలబెట్టింది ఆయనే.

1824 ఎన్నికల్లో ఉదారవాదులకు ఇరవై సీట్లైనా దక్కలేదు. అంతటి బలం చేతికొచ్చాక సభ గడువును విలేల్ ఏడేళ్లకు పెంచుకున్నాడు. అదే ఏడాది జూన్ 6న విదేశాంగ మంత్రి షాతోబ్రియాన్‌ను పొడి చీటీతో బర్తరఫ్ చేయడం, నా ఉద్దేశంలో, ఆయన చేసిన పెద్ద తప్పు. పదవి పోయిన రచయిత పత్రికకెక్కితే ఎంత ప్రమాదమో ఆ తర్వాత మూడేళ్లూ ఆయనకు తెలిసివచ్చింది. విప్లవంలో భూములు పోగొట్టుకున్నవారికి దాదాపు వంద కోట్ల ఫ్రాంకుల విలువైన పరిహారాన్ని 1825లో ఇప్పించాడు. భూములు కొన్నవారికి భయం తీరింది గానీ, ఆ భారం తమ మీద పడిందని ప్రభుత్వ రుణపత్రాల వడ్డీ మీద ఆధారపడిన పారిస్ వారు మండిపడ్డారు. 1827 ఏప్రిల్‌లో రాజు ఎదుటే కవాతులో మంత్రుల మీద కేకలు లేచినందుకు పౌరుల రక్షకదళమైన నేషనల్ గార్డును రద్దుచేశారు. నవంబర్ ఎన్నికల్లో ఓడి, 1828 జనవరిలో విలేల్ తప్పుకున్నాడు.

ప్రశ్న: ఆ ఎన్నికల్లో ఓటు ఎవరికి ఉండేది?
– తాడిపత్రి పాఠకురాలు

జవాబు: స్త్రీలకు లేదు. ముప్పై ఏళ్లు నిండి, ఏటా 300 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టే పురుషులకే ఉండేది. మన భాషలో చెప్పాలంటే పెద్ద శిస్తుదారులకే ఓటు. మూడు కోట్ల జనంలో అలాంటివారు సుమారు లక్షమంది. పోటీ చేయాలంటే నలభై ఏళ్లు, వెయ్యి ఫ్రాంకుల పన్ను ఉండాలి. 1820 నుంచి వారిలోనూ మరీ సంపన్నులు రెండేసి ఓట్లు వేసేవారు. ఇంత వడగట్టినా ఫలితం అన్నిసార్లూ రాజుకు అనుకూలంగా రాకపోవడమే గమనించదగిన సంగతి.

ప్రశ్న: 1830 ఆర్డినెన్సులు చార్టర్‌ను ఉల్లంఘించాయంటారు. 14వ అధికరణం రాజుకు ఆ అధికారం ఇచ్చింది కదా?
– న్యాయవాది, అనంతపురం

జవాబు: చట్టాల అమలుకు, రాజ్య భద్రతకు అవసరమైన ఆర్డినెన్సులు రాజు చేయవచ్చునని ఆ అధికరణంలో ఉన్నమాట నిజమే. 1829 ఆగస్టులో, మధ్యేమార్గం వెతికిన మార్తిన్యాక్‌ను తీసివేసి, సభలో బలం లేని పోలిన్యాక్‌ను చార్లెస్ తెచ్చుకున్నాడు. 1816లో మెజారిటీ మాటే చెల్లాలన్న పక్షం ఇప్పుడు రాజు ఇష్టమే చెల్లాలన్నది. మరుసటి మార్చిలో 221 మంది సభ్యులు ఈ మంత్రివర్గం మీద తమకు నమ్మకం లేదని రాజుకు విన్నవించారు. సభను రద్దుచేసి ఎన్నికలు పెడితే ప్రతిపక్షం 274కు పెరిగింది. జూలై 5న అల్జీర్స్ చేజిక్కిన ఉత్సాహంలో, జూలై 25న రాజు నాలుగు ఆర్డినెన్సుల మీద సంతకం చేశాడు. పత్రికల స్వేచ్ఛ పోయింది, ఇంకా కూడనైనా కూడని కొత్త సభ రద్దయింది, ఓటు హక్కు మరింత కుదించబడింది. చట్టాన్ని అమలుచేయడానికి ఇచ్చిన అధికారంతో చట్టాన్నే మార్చడం ఏ న్యాయశాస్త్రం ప్రకారమూ నిలవదని నా అభిప్రాయం. మూడు రోజుల వీధిపోరు తర్వాత ఆగస్టు 2న చార్లెస్ సింహాసనం వదిలాడు. సవరించిన చార్టర్‌లో, రాజు ఎన్నడూ చట్టాలను నిలుపుచేయరాదని ఆ 14వ అధికరణానికే చేర్చారు.

మీరు న్యాయవాది గనుక ఇంకొక సంగతి. ఆ డిసెంబర్‌లో ప్రభువుల సభ ఎదుట పోలిన్యాక్ విచారణ జరిగినప్పుడు ఆయన తరఫున వాదించింది, ఆయన కోసం పదవి పోగొట్టుకున్న మార్తిన్యాకే. రాజును శిక్షించరాదు కనుకనే మంత్రులు బాధ్యులని చార్టర్ అన్నది, రాజునే శిక్షించి గద్దె దించాక మంత్రులను మళ్లీ ఎలా శిక్షిస్తారని ఆయన వాదన. యావజ్జీవ ఖైదు పడింది. 1836లో విడిచిపెట్టారు.