పర్యావరణ నిబంధనలు పెడితే ఆర్థికాభివృద్ధి ఆగిపోతుందా?

మొత్తంగా ఆగదు, కొన్ని పరిశ్రమలకు ఖర్చు పెరుగుతుంది, కొన్ని వేరే చోటికి వెళ్తాయి. కాలుష్యం ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందే. నిబంధన లేకపోతే అది ఫ్యాక్టరీ లెక్కల్లో కనబడకుండా దిగువనున్న రైతు బోరులోనో, ఆసుపత్రి బిల్లులోనో తేలుతుంది.

హైదరాబాద్‌నే చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకుండా 1996లో 111 జీవో ఇచ్చారు. రెండేళ్లకే, 1998లో, మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఐటీ ఆ పరిధి బయట దర్జాగా పెరిగింది.

పొరబాటు ఎక్కడంటే, నష్టపోయినవాళ్లు కళ్లెదుట ఉంటారు కాబట్టి ఊరంతా నష్టపోయిందనుకుంటారు. ఆ గ్రామాల్లో భూముల ధరలు పక్క ఊళ్లంత పెరగలేదన్న రైతుల బాధ మాత్రం నిజమే. దానికి తగిన పరిహారం ఆలోచించకపోవడం ప్రభుత్వాల లోపం.