ఓటు ఎవరికో నాన్నకు చెప్పాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇదే నా మొదటి ఓటు. ల్యాబ్ ఉన్న రోజు క్లాసులు అయిదింటికి అయిపోతాయి. మా ఊరి చివరి బస్సు నాలుగున్నరకే వెళ్లిపోతుంది. మొన్న ప్రచారానికి వచ్చిన ఎమ్మెల్యే అభ్యర్థికి ఈ సంగతి చెప్పాను. ఆయన ఆగి, "బిడ్డా, నీ పేరేంది? క్లాసులు ఎన్నింటికి అయిపోతయ్?" అని అడిగి, పక్కనున్న అతనితో నోట్‌బుక్‌లో రాయించారు. అతని పెన్ను పడకపోతే నా పెన్నే ఇచ్చాను. ఆ రాత్రంతా సంతోషంతో నిద్ర పట్టలేదు. ఆయనతో దిగిన సెల్ఫీ స్టేటస్‌లో పెడితే బాబాయి నాన్నకు చూపించారు. మా ఇంట్లో తాత కాలం నుంచీ ఓట్లన్నీ ఇంకో పార్టీకే. "ఎవడో రెండు నిమిషాలు మాట్లాడితే పడిపోయినవా? ఇంట్ల ఓట్లన్నీ ఒక్క దిక్కే" అని నాన్న కేకలేశారు. నాలుగు రోజులుగా మాటల్లేవు. బస్సు గురించి ఏడాదిగా చెబుతున్నా "అందరి పిల్లలు వస్తలేరా" అనేవారు. నేను నిజంగానే మోసపోయానా? నాన్నకు అబద్ధం చెప్పి నాకు నచ్చినవాళ్లకు వేయనా?

జవాబు: తల్లీ, నువ్వు మోసపోలేదు. ఆయన వచ్చింది ఓట్ల కోసమే, అందులో దాచేదేముంది? కానీ డప్పుల మధ్య, జెండాల మధ్య అంత పెద్ద గుంపును ఆపి, ఊరి ఆడపిల్లలందరికీ పనికొచ్చే మాట అడిగావు చూడు, దానికి గుండె ధైర్యం కావాలి. ఆ సంతోషం నీకు న్యాయంగా దక్కింది.

నీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది. "అందరి పిల్లలు వస్తలేరా." చీకటి పడ్డాక షేర్ ఆటోలో ఇరుక్కుని ఇంటికొచ్చే పిల్ల ఏడాదిగా చెప్పిన మాట ఇంట్లో ఎవరికీ పట్టలేదు. వాకిట్లోకి వచ్చిన కొత్త మనిషి పేరు అడిగి మరీ రాయించుకున్నారు. ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. అయితే ఆ సంతోషంలో ఆయన మీద గౌరవం ఎంత, నాన్న మీద పెట్టుకున్న బెంగ ఎంత? ఒక్కసారి కూర్చుని చూసుకో. లేదంటే నీ ఓటు ఆయనకు తీర్చాల్సిన బాకీలాగో, నాన్న మీద చూపించే కోపంలాగో తయారవుతుంది.

నాన్న కేకలేయడం తప్పే. కానీ మన ఊళ్లలో ఇంటికీ పార్టీకీ ముడి ఎంత గట్టిదో నీకు తెలుసు. ఆ సెల్ఫీ చూసి ఎవరెవరు ఏమేమి అన్నారో, నలుగురిలో ఆయన తల ఎంత వంగిందో నీతో చెప్పి ఉండరు.

ఇక అబద్ధం సంగతి. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989 మార్చిలో. ఆ నవంబరులో జరిగిన ఎన్నికల్లోనే నా మొదటి ఓటు. బూత్ బయటికి రాగానే, వేలి మీద సిరా ఇంకా తడిగా ఉండగానే, మా నాన్న "దేనికేశావమ్మా?" అని అడిగారు. ఆయనకు నచ్చే గుర్తు చెప్పేశాను. ఆయన సంబరంగా నాకు సోడా కొనిచ్చారు. ఆ సోడా గొంతు దిగలేదు. ఆయన పోయేదాకా నిజం చెప్పలేకపోయాను. అందుకే చెబుతున్నాను, నువ్వు అబద్ధం ఆడొద్దు. ఆడాల్సిన అవసరం కూడా లేదు. "నాన్నా, ఎవరికేస్తానో చెప్పను. మీకు ఎదురు తిరగడానికి కాదు, ఇది నేనొక్కదాన్నే తేల్చుకోవాల్సింది" అను. ఒక్కసారి, మెల్లగా. మళ్లీ అడిగితే నవ్వి ఊరుకో. చట్టమే ఓటును రహస్యంగా ఉంచింది. మీట నొక్కాక పక్కనుండే వీవీప్యాట్ యంత్రం అద్దం వెనక, ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ 7 సెకన్లు కనబడుతుంది, అదీ నీ ఒక్కదానికే. ఫొటో తీసి చూపించమని ఎవరైనా అంటే కుదరదని చెప్పు, బూత్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు.

ఎవరికి వేయాలో నేను చెప్పను. ఇంకా టైముంది. మిగతా అభ్యర్థులు మీ వాడకు వచ్చినప్పుడు కూడా ఇదే బస్సు సంగతి అడుగు. నాన్న పార్టీ ఆయన్నయితే తప్పకుండా అడుగు, నాన్న పక్కన ఉండగానే. ఎవరు ఏమన్నారో తేదీతో రాసుకో. నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో ప్రతి అభ్యర్థి కేసులు, ఆస్తులు, చదువు ఉంటాయి. అవి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఆ సెల్ఫీ సంగతంటావా, స్టేటస్ ఒక్క రోజుకే పోయి ఉంటుంది కాబట్టి దాని మీద ఇక గొడవ వద్దు. పార్టీ వాట్సాప్ గ్రూపుల్లో చేర్చడానికి ఫోన్ నంబర్ అడిగితే మాత్రం ఇవ్వకు.

బస్సు పని ఆ నోట్‌బుక్‌కే వదిలేయకు. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లు కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి మామూలుగా ఆపేస్తారు. కోడ్ ముగిశాక సోమవారాల్లో మళ్లీ మొదలవుతుంది. ఎవరు గెలిచినా సరే, మీ ఊరి నుంచి కాలేజీకి వచ్చే పిల్లలందరి సంతకాలతో, వాళ్ల తల్లిదండ్రుల సంతకాలతో అర్జీ తయారుచేయి. ల్యాబ్ టైమ్‌టేబుల్ జత చేయి, ఒక కాపీ డిపో మేనేజర్‌కు ఇవ్వు, ఇచ్చినట్టు రసీదు తీసుకో.

ఆ సోమవారం నల్గొండకు బండి మీద తీసుకెళ్లమని నాన్ననే అడుగు. తల్లిదండ్రుల సంతకాల్లో మొదటిది ఆయనదే ఉండాలని చెప్పు.